మీకు తెలుసా? పైలట్ జీవితాన్ని నడిపే ఒక్క అంకె

అమెరికాలో డెల్టా, యునైటెడ్, అమెరికన్ అని పేరు రాసి ఉన్న విమానం ఎక్కినా దాన్ని నడిపే పైలట్లు ఆ కంపెనీ వాళ్లు కాకపోవచ్చు. టికెట్ మీద చిన్న అక్షరాల్లో ‘ఆపరేటెడ్ బై’ అని స్కైవెస్ట్, రిపబ్లిక్, ఎన్వోయ్, ఎండెవర్ లాంటి పేరేదో ఉంటుంది. పెద్ద కంపెనీల తరఫున 50 నుంచి 76 సీట్ల విమానాలతో చిన్న ఊళ్లకు సర్వీసులు నడిపే ఈ సంస్థలే రీజనల్ ఎయిర్‌లైన్స్. కొవిడ్‌కు ముందు అమెరికాలో రోజూ బయల్దేరే ప్రయాణికుల విమానాల్లో సుమారు 40 శాతం వీటివే. అక్కడ చాలామంది పైలట్ల ఉద్యోగం వీటిలోనే మొదలవుతుంది. అక్కడి నుంచి పెద్ద కంపెనీకి ఎప్పుడు మారాలన్నది వాళ్లకు పెళ్లి ముహూర్తమంత పెద్ద విషయం. కాక్‌పిట్ కల కంటున్న పిల్లలు అక్కడి తెలుగు ఇళ్లలోనూ ఇక్కడా ఉన్నారు కాబట్టి, ఈ నిర్ణయం వెనకున్న లెక్కలు ఈసారి చూద్దాం.

◆ పెద్ద కంపెనీలో చేరగానే ప్రతి పైలట్‌కూ ఒక సీనియారిటీ నంబర్ ఇస్తారు. చేరిన తేదీ ప్రకారం వేసే వరుస అది. ఎన్ని వేల గంటలు ఎగిరారు, ఎంత నేర్పరి అన్నది ఆ వరుసలోకి రాదు. ఏ విమానం నడపాలి, ఏ ఊళ్లో ఉండాలి, కెప్టెన్ ఎప్పుడు కావాలి, సంక్రాంతికి సెలవు దొరుకుతుందా, ఆదివారం ఇంట్లో ఉంటామా అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. మన దగ్గర టీచర్ల బదిలీల కౌన్సెలింగ్ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: పైనున్నవారు కోరుకున్నాక మిగిలినవే కిందివారికి. తేడా ఏమిటంటే పైలట్లకు ఈ కౌన్సెలింగ్ ప్రతి నెలా జరుగుతుంది. వచ్చే నెల ఏయే ట్రిప్పులు కావాలో కంప్యూటర్‌లో కోరికల జాబితా పెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఒకటో నంబర్‌తో మొదలుపెట్టి కిందికి పంచుకుంటూ వస్తుంది.

◆ ఈ పద్ధతిని ఏ ప్రభుత్వ చట్టమూ పెట్టలేదు. యాజమాన్యానికీ పైలట్ల సంఘానికీ మధ్య ఒప్పందం ద్వారా వచ్చింది. అమెరికాలో ఆ ఒప్పందాలు రైల్వే కార్మికుల కోసం 1926లో చేసిన చట్టం కింద జరుగుతాయి. 1936లో దాన్ని విమానయానానికీ వర్తింపజేశారు.

◆ అసలు చిక్కు ఇక్కడుంది. ఈ నంబర్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెంట రాదు. రీజనల్‌లో పదిహేనేళ్లు కెప్టెన్‌గా చేసిన మనిషి పెద్ద కంపెనీకి మారితే భుజం మీది నాలుగు గీతల్లో ఒకటి తీసేసి, మూడు గీతలతో కుడివైపు సీట్లో ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చోవాలి. వరుసలో అందరికంటే చివర నిలబడాలి. ఆయన కంటే ఒక్క వారం ముందు చేరిన పాతికేళ్ల కుర్రాడు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయన కంటే సీనియరే. మన దేశంలోనూ గల్ఫ్‌లోనూ అనుభవం ఉన్న కెప్టెన్లను నేరుగా కెప్టెన్లుగానే తీసుకునే కంపెనీలున్నాయి. అమెరికా పెద్ద కంపెనీల్లో ఆ వాడుక లేదు. ఆలస్యం అక్కడ అంత ఖరీదైనది కావడానికి మూలం ఇదే.

◆ ఆ ఖరీదు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ 65వ పుట్టినరోజుతో దిగిపోవాలి. 28 ఏళ్లకు పెద్ద కంపెనీలో చేరితే 37 ఏళ్ల సర్వీసు, 30 ఏళ్లకు చేరితే 35. ‘రెండేళ్లే కదా, ఇక్కడ కాస్త కుదురుకున్నాక చూద్దాం’ అనుకునేవారు పోగొట్టుకునేది 28, 29 ఏళ్ల నాటి చిన్న జీతమని భావిస్తారు. నిజానికి చేరిన మొదటి రెండేళ్ల జీతం ఎప్పుడు చేరినా వచ్చేదే. చివర కత్తిరించుకుపోయేవి 63, 64 ఏళ్ల నాటివి. అంటే జీతం శిఖరం మీదున్న రెండేళ్లు. ఖండాలు దాటే పెద్ద విమానాల కెప్టెన్‌కు పై మెట్టులో గంటకు 400 డాలర్లకు పైగా వస్తోంది. నెలకు 75 గంటలే అనుకున్నా ఏడాదికి 3 లక్షల 60 వేల డాలర్లు. దాని మీద పెద్ద కంపెనీలు ఉద్యోగి వాటాతో సంబంధం లేకుండా రిటైర్మెంట్ ఖాతాలో వేసే 17, 18 శాతం అదనం. రీజనల్‌లో కుదురుగా గడిచే ప్రతి ఏడాదికీ అటు చివర ఇలాంటి ఒక ఏడాది పోతుంది. ఈ ఒక్క లెక్క కోసమైనా పిలుపొస్తే బయల్దేరమనే నేను అంటాను. మినహాయింపులు లేకపోలేదు, వాటి దగ్గరికీ వస్తాను.

◆ జీతం మెట్లు చాలా పెద్ద కంపెనీల్లో 12వ ఏడాదితో ఆగిపోతాయి. ఆ తర్వాత జీతం పెరగాలంటే ఒప్పందం మారాలి, లేదా పెద్ద విమానానికో కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకో మారాలి. కాబట్టి ఆలస్యంగా చేరినవారు కూడా గంట రేటు విషయంలో పన్నెండేళ్లకు ముందువారిని అందుకుంటారు. వరుసలో మాత్రం ఎన్నటికీ అందుకోలేరు.

◆ రిటైర్మెంట్ వయసు మార్పు ఒక తరాన్నే నిలబెట్టేసిన సందర్భం ఉంది. 1960 నుంచి అమెరికాలో 60 ఏళ్ల పరిమితి ఉండేది. 2007 డిసెంబరు 13న దాన్ని 65కు పెంచారు. ఆ రోజు సంతకంతో పైవరుసలో వాళ్లకు ఐదేళ్లు కలిసొచ్చాయి, కింద ఉన్నవాళ్లకు కదలిక దాదాపు ఐదేళ్లు ఆగిపోయింది. మరుసటి ఏడాదే ఆర్థిక మాంద్యం తోడైంది. అప్పటికి రీజనల్స్‌లో ఉన్న ఎంతోమంది తప్పేమీ చేయకుండానే నలభైల్లోకి వచ్చేశారు. ఈ పరిమితిని 67 చేయాలని అమెరికా కాంగ్రెస్‌లో పెద్ద వాదనే జరిగింది కానీ, 2024 నాటి విమానయాన చట్టం 65నే ఉంచింది. మారే ఆలోచనలో ఉన్న పైలట్ తన ప్రతిభ గురించి ఎంత ఆలోచిస్తాడో వాషింగ్టన్‌లో జరిగే ఈ వాదన గురించీ అంతే ఆలోచించాలి.

◆ చేరబోయే కంపెనీలో తన నంబర్ ఎంత వేగంగా పైకి వెళ్తుందో పైలట్ ముందే అంచనా వేయొచ్చు. పైనున్నవారిలో ఏ ఏడాది ఎందరికి 65 నిండుతాయో జాబితా చూస్తే తెలిసిపోతుంది. ఈ పట్టికను పైలట్లు ఇంటర్వ్యూకు వెళ్లకముందే బట్టీ పట్టేస్తారు. రెండు కంపెనీల నుంచి ఒకేసారి పిలుపొస్తే మొదటి ఏడాది జీతం కంటే ఈ పట్టికే ఎక్కువ నిజం చెబుతుంది.

◆ రీజనల్ పైలట్ జీవితాన్ని మార్చేసిన తేదీ 2009 ఫిబ్రవరి 12. న్యూవార్క్ నుంచి బఫెలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ 3407 విమానం దిగడానికి కొద్దిసేపటి ముందు క్లారెన్స్ సెంటర్ అనే ఊళ్లో ఒక ఇంటి మీద కూలిపోయింది. విమానంలోని 49 మంది, ఇంట్లో ఉన్న ఒకరు, మొత్తం 50 మంది పోయారు. విమానం మీద రాసి ఉన్నది కాంటినెంటల్ పేరు. దర్యాప్తులో ఆ పేరు వెనక దాగిన బతుకులు బయటపడ్డాయి: ఫస్ట్ ఆఫీసర్ ఉండేది సియాటిల్‌లో, డ్యూటీ న్యూవార్క్‌లో. ముందు రోజు రాత్రంతా ఇతర విమానాల్లో ఖాళీ సీటు పట్టుకుని దేశం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి డ్యూటీ ఎక్కారామె. కెప్టెన్ ఆఖరి క్షణాల్లో వేగం పడిపోతోందన్న హెచ్చరికకు ముక్కు దించాల్సింది పోయి పైకెత్తారని తేలింది. చనిపోయినవారి కుటుంబాలు ఊరుకోలేదు. వాషింగ్టన్‌కు మళ్లీ మళ్లీ వెళ్లి, ప్రతినిధుల ఎదుట కూర్చుని 2010లో చట్టం తెప్పించాయి. దాని ఫలితంగా 2013 నుంచి ఎయిర్‌లైన్ కో-పైలట్‌గా చేరాలన్నా మామూలుగా 1,500 గంటల అనుభవం ఉండాలి. అంతకు ముందు 250 గంటల లైసెన్స్ ఉంటే చట్టం అడ్డు చెప్పేది కాదు.

చాలామందికి తెలియని సంగతి: ఆ విమానంలోని ఇద్దరు పైలట్లకూ అప్పటికే 1,500 గంటలకు పైగా ఉన్నాయి. కెప్టెన్‌కు 3,379, ఫస్ట్ ఆఫీసర్‌కు 2,244. గంటల నిబంధన సరైన మందేనా అన్న వాదన అందుకే ఇంకా సాగుతోంది. విశ్రాంతి నిబంధనలు మాత్రం 2014 నుంచి కట్టుదిట్టమయ్యాయి. నా దృష్టిలో ఆ కుటుంబాలు సాధించినవాటిలో అదే గొప్పది.

◆ 1,500 గంటల నిబంధనలో మినహాయింపులున్నాయి. మిలిటరీ పైలట్లకు 750 గంటలు, గుర్తింపు పొందిన కాలేజీలో ఏవియేషన్ డిగ్రీ చేసినవారికి 1,000 గంటలు చాలు. ఏవియేషన్ డిగ్రీ ఖర్చు ఎక్కువే. కానీ ఆరు నెలలో ఏడాదో ముందు రీజనల్‌లో అడుగు పెట్టిస్తుంది. ఆ ఏడాది ఇంతకు ముందు లెక్కలో చెప్పిన ఏడాదే.

◆ రీజనల్‌లో చేరాక మొదటి కూడలి కెప్టెన్ పదవి. చట్టం ప్రకారం ఎయిర్‌లైన్‌లో 1,000 గంటలు ఎగిరితే గానీ ఎడమ సీటు ఇవ్వకూడదు. ఏడాదికి 1,000 గంటలకు మించి ఎగరడానికీ చట్టం ఒప్పుకోదు. పైగా కొత్తవారు స్టాండ్‌బై మీద కూర్చునే రోజులే ఎక్కువ. కాబట్టి కెప్టెన్ కావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే. ఇక్కడే చాలామంది తడబడతారు. జెట్ కెప్టెన్‌గా 1,000 గంటలు ఉంటేనే పెద్ద కంపెనీలు చూస్తాయన్నది చాలాకాలం పాటు రాయని నియమం. 2021 తర్వాత పైలట్ల కొరత ముదిరినప్పుడు దాన్ని పక్కన పెట్టేశారు. కెప్టెన్ సీటు ముఖం చూడని ఫస్ట్ ఆఫీసర్లనూ తీసుకున్నారు. 2022 జనవరిలో డెల్టా నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి అన్న షరతు కూడా తీసేసింది. నియామకాలు నెమ్మదించగానే పాత కొలతలు మళ్లీ తలెత్తుతాయి. పిలుపు రాని కాలంలో కెప్టెన్‌గా గంటలు పోగేసుకోవడం తెలివైన పని. పిలుపు చేతిలో ఉండగా కెప్టెన్ గంటల కోసం ఆగడం నాకు సరిగా తోచదు.

మరో సంగతి కూడా ఉంది. కెప్టెన్‌గా చేసిన ఆరు నెలలు మనిషికి నేర్పేది గంటల్లో రాదు. మంచు కురిసే రాత్రి, దిగాల్సిన విమానాశ్రయం మూసేస్తారేమోనన్న అనుమానం, వెనక 76 మంది, ట్యాంకులో లెక్కకు సరిపోయే ఇంధనం. ఇలాంటప్పుడు ‘వేరే ఊరికి మళ్లుదాం’ అనే మాట ముందుగా తన నోటి నుంచే రావాలని తెలిసిన మనిషి పెద్ద కంపెనీలో కుడివైపు కూర్చున్నా వేరుగా కూర్చుంటాడు. ఆ అనుభవాన్ని కోరి వెతుక్కునేవారిని తప్పు పట్టలేం. దానికి ఖరీదు ఉందని తెలిసి చేయాలంతే.

◆ ఒకే రోజు, ఒకే తరగతిలో చేరినవారిలో ఎవరు ముందు? కొన్ని కంపెనీల్లో వయసులో పెద్దవారికి ముందు నంబర్ ఇస్తారు. కొన్నింట్లో సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి అంకెలను బట్టి తేలుస్తారు. ముప్పై ఏళ్ల పాటు ఎవరికి పండక్కి సెలవు దొరుకుతుందో అలా తేలిపోతుంది.

◆ పెద్ద కంపెనీలో కొత్త పైలట్ మొదటి చిరునామా తరచుగా న్యూయార్క్. ఖర్చెక్కువ, రద్దీ ఎక్కువ కాబట్టి సీనియర్లు అక్కడ ఉండరు, ఖాళీలు కొత్తవారికి మిగులుతాయి. ఇల్లు అట్లాంటాలోనో డెన్వర్‌లోనో ఉంటుంది. అప్పుడు జేఎఫ్‌కే, లాగ్వార్డియా విమానాశ్రయాలకు మధ్యలో ఉన్న క్యూ గార్డెన్స్ లాంటి చోట పైలట్లు, ఎయిర్‌హోస్టెస్‌లు కలిసి అద్దెకు తీసుకున్న ఇంట్లో ఒక మంచం తీసుకుంటారు. దాన్ని క్రాష్‌ప్యాడ్ అంటారు. ఒక్కో గదిలో రెండంతస్తుల మంచాలు. తనకంటూ ఒక మంచం కావాలంటే అద్దె ఎక్కువ. ఏది ఖాళీగా ఉంటే దానిమీద పడుకుంటామంటే తక్కువ. మంచానికి చుట్టూ తెర కట్టుకుని, యూనిఫామ్ చొక్కా దానికే తగిలించి, ఫోన్ తల పక్కన పెట్టుకుని ఉండాలి. రిజర్వ్ డ్యూటీ అంటే అదే. ఫోన్ మోగితే రెండు మూడు గంటల్లో విమానాశ్రయంలో ఉండాలి. మోగకపోతే ఆ రోజంతా ఆ మంచం మీదే. ఇంటికి వెళ్లాలన్నా వేరే విమానంలో ఖాళీ సీటు దొరికితేనే.

నేను ముందు చెప్పిన మొదటి మినహాయింపు ఇక్కడుంది. రీజనల్‌లో సీనియర్ కెప్టెన్‌గా, సొంత ఊరి బేస్‌లో, రాత్రికి ఇల్లు చేరే ట్రిప్పులు నడుపుకుంటూ, ఇంట్లో పసిపిల్లలో మంచాన పడ్డ తల్లిదండ్రులో ఉన్నవారు ఈ కొత్త జీవితం వద్దనుకుంటే అది పిరికితనం కాదు. జీతం కూడా మునుపటంత తీసికట్టుగా లేదు. 2022 జూన్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజనల్స్ అయిన ఎన్వోయ్, పీడ్‌మాంట్ కొత్త ఫస్ట్ ఆఫీసర్లకు గంటకు 90 డాలర్లు ప్రకటించాయి. రీజనల్ కెప్టెన్ పెద్ద కంపెనీకి మారిన మొదటి ఏడాది జీతం తగ్గడం కూడా ఉంటుంది. కాకపోతే ఆ తగ్గుదల ఒకటి రెండేళ్ల ముచ్చట. పిల్లల చిన్నతనం ఒక్కసారే వస్తుంది కాబట్టి ఆ మాట వేరు.

◆ నియామకాల తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో ఎవరి చేతుల్లోనూ లేదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వేలమంది పైలట్లను ఇంటికి పంపారు. వారిలో కొందరికి మళ్లీ పిలుపు రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఇలా పంపేటప్పుడు వరుస తిరగబడుతుంది, చివర చేరినవారే ముందు బయటికి. 2020 అక్టోబరులో అమెరికన్ సుమారు 1,600 మంది పైలట్లను పక్కన పెట్టి, ప్రభుత్వ సాయం అందాక కొద్ది నెలల్లోనే వెనక్కి పిలిచింది. 2022లో పెద్ద కంపెనీలన్నీ కలిపి 12 వేల మందికి పైగా కొత్త పైలట్లను తీసుకున్నాయి. 2024కు విమానాల సరఫరా ఆలస్యమై గాలి మారింది. ఆ వసంతంలో యునైటెడ్ కొద్ది నెలలు కొత్త తరగతులే ఆపేసింది. 2022లో ‘ఇంకో ఏడాది చూద్దాం’ అనుకున్నవారికీ వెంటనే వెళ్లినవారికీ మధ్య ఇప్పుడు వేల నంబర్ల దూరం ఉంది.

◆ నంబర్ విలువ కంపెనీ బతికున్నంత వరకే. 1991 జనవరిలో ఈస్టర్న్, అదే ఏడాది డిసెంబరులో పాన్ ఆమ్ మూతపడ్డాయి. ముప్పై ఏళ్ల సీనియారిటీ ఒక్క పూటలో చిత్తు కాగితమైంది. విలీనాల్లోనూ ఇదే గండం. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే కంపెనీని కొన్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో సగానికి పైగా జాబితా అట్టడుగున చేరారు, లేఆఫ్‌లు రాగానే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అక్కడి ఫ్లైట్ అటెండెంట్లందరినీ అట్టడుగున పెట్టారు. టీడబ్ల్యూఏకు కేంద్రమైన మిస్సోరీ రాష్ట్ర సెనేటర్లు మెకాస్కిల్, బాండ్ ఇద్దరూ పట్టుబట్టి, విలీనాల్లో జాబితాలు న్యాయంగా కలపాలన్న చట్టాన్ని 2007లో తెచ్చారు. యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ 2005లో కలిశాయి. రెండు కంపెనీల పైలట్ల జాబితాలను ఎలా కలపాలన్న గొడవ కోర్టుల్లో నలిగి నలిగి, ఆ కంపెనీ అమెరికన్‌లో కలిశాక 2016లో గానీ తేలలేదు.

రెండో మినహాయింపు ఇదే. పిలిచిన కంపెనీ అప్పుల్లో ఉంటే తొందరపడకూడదు. స్పిరిట్ ఎయిర్‌లైన్స్ 2024లో పైలట్లను లేఆఫ్ చేసింది, ఆ నవంబరులో దివాలా పిటిషన్ వేసింది, 2025 ఆగస్టులో రెండోసారి వేసింది. అలాంటి చోట ముందు నంబర్ వచ్చినా ఏం లాభం?

◆ కొన్ని రీజనల్స్ నుంచి పెద్ద కంపెనీకి ఇంటర్వ్యూ లేకుండానే దారి ఉంది. ఎన్వోయ్, పీడ్‌మాంట్, పీఎస్ఏ పైలట్లు వరుస ప్రకారం అమెరికన్‌కు వెళ్తారు. నెలకు ఎందరన్నది ఆ నెల అవసరాన్ని బట్టి మారుతుంది. భరోసా ఉంది కానీ వేగం మన చేతిలో ఉండదు. ఆ వరుసలో నిలబడే వేరే కంపెనీలకు కూడా దరఖాస్తు చేసుకునేవారు చాలామంది.

◆ రీజనల్ విమానాలు 76 సీట్ల దగ్గరే ఎందుకు ఆగిపోయాయి? పెద్ద కంపెనీల పైలట్ల సంఘాలు ఒప్పందాల్లో పెట్టిన గీత అది. బరువుకూ 86,000 పౌండ్ల పరిమితి ఉంది. ఎంబ్రయర్ తయారుచేసిన కొత్త తరం ఈ175-ఈ2 ఆ బరువు దాటిపోవడంతో అమెరికా రీజనల్స్ దాన్ని నడపలేకపోతున్నాయి. కాబట్టి రీజనల్ పైలట్ అక్కడే ఉండి పెద్ద విమానం చూడాలనుకుంటే కుదరదు.

◆ తప్పిన పరీక్ష దాగదు. ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ దగ్గర పైలట్ల రికార్డుల డేటాబేస్ ఉంది. కొత్త కంపెనీ తీసుకునే ముందు అది చూసి తీరాలి. సిమ్యులేటర్‌లో ఒకసారి ఫెయిలైనంత మాత్రాన దారి మూసుకుపోదు. దాన్ని దాచిపెట్టబోతే మూసుకుపోతుంది.

◆ 40 దాటిన ఎయిర్‌లైన్ కెప్టెన్‌కు వైద్య పరీక్ష ఏడాదికి ఒకసారి చాలదు, ఆరు నెలలకోసారి నెగ్గాలి. 65 వరకు సర్వీసు అన్నది కాగితం మీది లెక్క. గుండె, చూపు, చక్కెర ఎప్పుడైనా మధ్యలో ఆపొచ్చు. కుటుంబంలో మధుమేహం, గుండెజబ్బులు ఉన్నవారు ఆలస్యం విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. పైలట్ సంపాదన చివర్లో బరువెక్కేది కాబట్టి.

◆ పిలుపొచ్చి వెళ్లాలని తేల్చుకున్నాక అమెరికాలో రెండు వారాల నోటీసు ఇవ్వడం రివాజు. సంతకం చేసినప్పుడు తీసుకున్న బోనస్‌కు గడువు మిగిలి ఉంటే ఆ మేరకు తిరిగి కట్టాలి, అందుకే ఒప్పందం కాగితం ముందే చదువుకోవాలి. మన దేశంలో పద్ధతి పూర్తిగా వేరు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నియమం ప్రకారం కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు నోటీసు ఇవ్వాలి. కడపలోనో రాజమండ్రిలోనో దిగే చిన్న ఏటీఆర్ విమానాల కెప్టెన్ ఎయిర్‌బస్‌కు మారాలనుకుంటే పన్నెండు నెలల ముందే తేల్చుకోవాలి. ఆలోపు అటు ఖాళీ ఉంటుందో లేదో తెలియదు. 2023లో 43 మంది పైలట్లు నోటీసు గడువు పూర్తి చేయకుండా వెళ్లిపోయారని ఆకాశ ఎయిర్ కోర్టుకెక్కింది. ఈ నియమం చెల్లదంటూ పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. హైదరాబాద్ బేగంపేటలో శిక్షణ పొందే కుర్రాళ్లు మొదటి ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు జీతం గడి కంటే ముందు నోటీసు గడి, బాండ్ గడి చూడాలి.